రక్తపరీక్షలో క్యాన్సర్ వెంటనే తెలిసిపోతుందా?

నాదెండ్ల మండలంలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఆమె అడిగిన సందేహం ఇంకా చాలా ఇళ్లలో ఉన్నదే గనుక, ఊరూ పేరూ లేకుండా ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

"డాక్టరు గారికి నమస్కారములు. మా బాబుకు ఏడేళ్లు. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది. పిల్లవాడు బాగా పాలిపోయాడు. రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తాడు. తొడ మీద, మోచేతి దగ్గర కమిలినట్టు మచ్చలు వచ్చాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన టైఫాయిడ్ అని సూదులు వేశాడు. రెండు రోజులు బాగుంటాడు, మళ్లీ మామూలే. చిలకలూరిపేటలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7, ప్లేట్‌లెట్లు 62 వేలు అన్నారు. మర్నాడు ఇంకో ల్యాబులో ప్లేట్‌లెట్లు 38 వేలు అన్నారు. తెల్లకణాలు 4,200 ఉన్నాయట, అవి మామూలే అన్నారు. రక్తపు క్యాన్సరేమో చూపించండని మా బంధువు ఒకాయన అన్నాడు. అదే ఐతే రెండు ల్యాబుల్లో ఒక్కరైనా చెప్పరా అని మా వారు అంటున్నారు. మేము ఏది నమ్మాలి? ఇంకో ల్యాబులో చేయించమంటారా?"

ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగవద్దనీ, ఆలస్యం చేయకుండా పిల్లవాణ్ణి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ ఆమెకు విడిగా చెప్పాను. అది క్యాన్సరే అని నేను అనలేదు. ఉత్తరం చదివి ఎవరూ ఆ మాట అనలేరు. ఐతే అలాంటి లక్షణాలున్న పిల్లవాడికి మూడో ల్యాబులో మూడో అంకె అవసరం లేదు. ఆ రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి కంటితో చూసే మనిషి అవసరం. ఈ వారం మీకు చెప్పదలచుకున్నది ఇదే.

యంత్రం ఏం చూస్తుంది?

మనం "బ్లడ్ టెస్ట్" అని పిలిచే పరీక్షలో మొట్టమొదటిది రక్తకణాల లెక్క. దీన్నే సి.బి.సి. అంటారు. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో, అంటే ఆవగింజ కన్నా చిన్న బొట్టులో, సుమారు 45 నుంచి 50 లక్షల ఎర్రకణాలు, 4 వేల నుంచి 11 వేల తెల్లకణాలు, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఇంత లెక్కను ఇప్పుడు చిన్న ఊళ్ల ల్యాబుల్లో కూడా యంత్రమే ఒకటి రెండు నిమిషాల్లో చేసిపెడుతోంది.

ఆ యంత్రం పని చేసే తీరు తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. సన్నని రంధ్రంలో నుంచి కణాలను ఒకదాని వెనక ఒకటి పోనిస్తుంది. పోయే కణం ఎంత పెద్దదో కొలుస్తుంది. చిన్నవైతే ప్లేట్‌లెట్లు అంటుంది. తెల్లకణాల్లో చిన్నవాటిని లింఫోసైట్లు అనీ, పెద్దవాటిని గ్రాన్యులోసైట్లు అనీ, మధ్య రకాన్ని మధ్య రకమనీ మూడు కుప్పలు పోస్తుంది. ఇంకాస్త ఖరీదైన యంత్రాలు అయిదు కుప్పలు పోస్తాయి, అనుమానం వస్తే కాగితం మీద గుర్తు పెడతాయి. అంతకన్నా దాని చేత కాదు.

గుంటూరు మిర్చి యార్డు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. బస్తాలు లెక్కపెట్టే మనిషి వేరు. బస్తా విప్పి, నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, రంగూ తొడిమా చూసి, తాలుకాయ ఎంతుందో చెప్పే మనిషి వేరు. యంత్రం మొదటి మనిషి. రెండో మనిషి పాథాలజిస్టు.

రక్తపు క్యాన్సర్‌లో జరిగేదేమిటి? ఎముకల లోపల ఉండే మూలుగలో రక్తకణాలు పుడతాయి. అక్కడ అవి పెరిగి పెద్దవై, పని నేర్చి, తర్వాతే రక్తంలోకి రావాలి. ల్యుకేమియాలో ఒక రకం కణం పెరగకుండా, పని నేర్వకుండా, తన సంతతిని మాత్రం పెంచుకుంటూ పోతుంది. ఈ పసికణాలనే బ్లాస్టులు అంటారు. ఇవి మూలుగనంతా ఆక్రమిస్తాయి. ఇక మంచి కణాలకు చోటుండదు. ఎర్రకణాలు తగ్గి పిల్లవాడు పాలిపోతాడు. ప్లేట్‌లెట్లు తగ్గి చర్మం కింద రక్తం కమిలి మచ్చలు పడతాయి. పనికివచ్చే తెల్లకణాలు తగ్గి జ్వరాలు వస్తాయి. మూలుగ కిక్కిరిసి ఎముకలు నొప్పి పెడతాయి. పై ఉత్తరంలోని నాలుగు బాధలూ ఇవే.

ఇలాంటి పసికణం ఎదురైతే మూడు కుప్పల యంత్రం దాన్ని లింఫోసైటు అనో, మధ్య రకమనో రాసేస్తుంది. కాగితం మీద "లింఫోసైట్లు 80 శాతం" అని కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు జలుబు చేసిందనుకుంటారు.

"తెల్లకణాలు మామూలే" అంటే?

రక్తపు క్యాన్సర్ అంటే తెల్లకణాలు లక్షల్లో ఉండాలని చాలామంది అభిప్రాయం. దీనికి కారణం ఉంది. 1845 లో ఎడింబరోలో బెన్నెట్, బెర్లిన్‌లో విర్కో అనే వైద్యులు ఈ వ్యాధిని మొదట వర్ణించినపుడు, చనిపోయినవారి రక్తం చీములా తెల్లగా కనిపించింది. విర్కో పెట్టిన ల్యుకేమియా అనే పేరుకు అర్థమే తెల్ల రక్తం. కాని వ్యాధి అన్నిసార్లూ అలా ఉండదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో దాదాపు సగం మందికి మొదటి పరీక్షనాడు తెల్లకణాల సంఖ్య 10 వేల లోపే ఉంటుంది. కొందరికి మామూలు కన్నా తక్కువ కూడా ఉంటుంది. పసికణాలు మూలుగలోనే ఉండి, రక్తంలోకి ఇంకా రానివాళ్లూ ఉంటారు.

అందుచేత తెల్లకణాలు ఒక్కటే చూసి ఊరట చెందకూడదు. మూడు వరుసలూ కలిపి చూడాలి. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఈ మూడింటిలో రెండు తగ్గితే, కారణం తేలేవరకు ఆ మనిషిని వదలకూడదు. ఆ పిల్లవాడి కాగితంలో రెండు తగ్గే ఉన్నాయి.

ఇక 62 వేలా, 38 వేలా అన్న ప్రశ్న. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నపుడు యంత్రానికీ యంత్రానికీ ఇంత తేడా రావడం వింత కాదు. రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో ఇ.డి.టి.ఎ. అనే మందు ఉంటుంది. కొందరి రక్తంలో ఆ మందు తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. యంత్రం ఉండను ప్లేట్‌లెట్టుగా లెక్కపెట్టదు. ఏ జబ్బూ లేని మనిషికి 30 వేలని కాగితం వస్తుంది. దీన్ని పట్టుకునే మార్గం ఒక్కటే, అద్దం మీద చూడడం. ఉండలు కనిపిస్తే నీలం మూత గొట్టంలో మళ్లీ రక్తం తీసి లెక్కపెడతారు. అంటే ఆ అద్దమే ఒకరికి క్యాన్సర్ అనుమానం తీరుస్తుంది, ఇంకొకరికి క్యాన్సర్‌ను బయటపెడుతుంది.

అద్దం మీద ఒక బొట్టు

ఈ పరీక్షను స్మియర్ అంటారు. గాజు పలక మీద ఒక బొట్టు పెట్టి, మరో పలక అంచుతో పలచగా సాగదీసి, ఆరనిచ్చి, లీష్మన్ రంగు వేసి, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద చూస్తారు. నూరేళ్లు దాటిన పాత పద్ధతి. ఖర్చు చాలా తక్కువ. ఇప్పటికీ దీన్ని తోసిరాజనగల యంత్రం మన పట్టణాల ల్యాబుల్లో లేదు.

ఐతే ఇది చెయ్యి తిరిగిన పని. మందంగా సాగదీస్తే కణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రంగు నాసిరకమైతే పసికణానికీ పెద్ద లింఫోసైటుకూ తేడా తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, రక్తం తాజాగా ఉండాలి. గొట్టంలో గంటల తరబడి నిలవ ఉన్న రక్తంలో కణాలు ఉబ్బుతాయి, రూపం మారుతుంది. రక్తం తీసిన రెండు మూడు గంటల్లో స్మియర్ వేయడం మంచిది. ఇప్పుడు పల్లెల్లో రక్తం తీసి సేకరించి, మధ్యాహ్నపుటెండలో మోటారుసైకిలు మీద పట్నం పంపే కేంద్రాలు వచ్చాయి. చక్కెర పరీక్షకూ, రక్తకణాల పరీక్షకూ ఒకటే సంచి. సాయంత్రానికి చేరిన ఆ రక్తంతో స్మియర్ వేస్తే ఎంత అనుభవం గల పాథాలజిస్టుకైనా కష్టమే. వీలైతే ల్యాబు ఉన్నచోటికే మనిషిని తీసుకువెళ్లి రక్తం ఇప్పించండి.

స్మియర్ చూసిన తర్వాత కాగితం మీద "పెరిఫెరల్ స్మియర్" అన్న శీర్షిక కింద నాలుగు వాక్యాలు రాసి, కింద పాథాలజిస్టు సంతకం ఉంటుంది. మీ కాగితంలో అంకెలు తప్ప ఆ వాక్యాలు లేకపోతే, అద్దం ఎవరూ చూడలేదన్నమాట. అడిగి చేయించుకోండి. అడగడంలో తప్పు లేదు.

క్యాన్సర్‌లా కనిపించి క్యాన్సర్ కానివి

ఇంతవరకు చదివి, ఇంట్లో ఉన్న పాత రిపోర్టులన్నీ బయటికి తీసి భయపడేవాళ్లుంటారని నాకు తెలుసు. వారికోసం ఈ మాట. లెక్క తప్పిన ప్రతి రక్తమూ క్యాన్సర్ కాదు. మన ప్రాంతంలో ఎక్కువసార్లు కాదు.

డెంగీలో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు రెండూ పడిపోతాయి. కాని వారం పది రోజుల్లో వాటంతట అవే లేస్తాయి. డెంగీ జ్వరం సాధారణంగా హిమోగ్లోబిన్‌ను తగ్గించదు. పక్షం దాటినా ప్లేట్‌లెట్లు లేవకపోయినా, మనిషి పాలిపోతున్నా, అది డెంగీ అని సరిపెట్టుకోకండి.

తీవ్రంగా చీము పట్టినపుడు, న్యుమోనియాలో, తెల్లకణాలు 40, 50 వేలకు పోవచ్చు. దీన్ని చూసి ల్యుకేమియా అని అడలిపోయినవాళ్లు ఉన్నారు. జబ్బు తగ్గితే లెక్క దిగుతుంది.

విటమిన్ బి 12 లోపం అన్నిటికన్నా పెద్ద మాయగాడు. మాంసం, గుడ్లు, పాలు చాలినంత తిననివాళ్లలో, పొట్ట జబ్బులున్నవాళ్లలో ఇది వస్తుంది. మూడు వరుసల కణాలూ తగ్గిపోతాయి. మూలుగ తీసి చూస్తే అందులోనూ ఎదగని పెద్ద పెద్ద కణాలు కిక్కిరిసి ఉంటాయి. అనుభవం లేనివారికి అచ్చం ల్యుకేమియాలా ఉంటుంది. బి 12 సూదులు ఇస్తే వారంలో కొత్తరక్తం ఊరడం మొదలవుతుంది. కొద్ది డబ్బుతో పోయే జబ్బుకు క్యాన్సర్ అని పేరు పెట్టకుండా చూడడం కూడా పాథాలజిస్టు పనే.

మూలుగ పరీక్ష అంటే భయమెందుకు?

స్మియర్‌లో పసికణాలు కనిపించినా, కనిపించకపోయినా అనుమానం తీరకపోతే, మూలుగ తీసి చూడాలి. ఈ మాట అనగానే చాలా కుటుంబాలు ఆసుపత్రి వదిలి వెళ్లిపోతాయి. "వెన్నులోనుంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి" అని ఎవరో చెబుతారు. నాకు తెలిసి ఈ ఒక్క మాట వల్ల జరిగిన ఆలస్యం ఇంతా అంతా కాదు.

మూలుగ పరీక్ష వెన్నుపాము దగ్గర చేయరు. నడుము కింద, వెనకవైపు, పిరుదు పైన చేతికి తగిలే తుంటి ఎముక నుంచి తీస్తారు. ఆ చోట నరాలకు తగిలే ప్రమాదం లేదనే చెప్పాలి. మొదట తిమ్మిరి సూది ఇస్తారు. చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. మూలుగ లాగే ఒక్క క్షణం లోపలనుంచి గుంజినట్టు నొప్పి ఉంటుంది. మొత్తం పని అరగంటలో అయిపోతుంది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నా చేయవచ్చు, తర్వాత కాసేపు గట్టిగా అదిమి పట్టాలి. తీసిన మూలుగ మళ్లీ ఊరుతుంది. కాళ్లు పడిపోవు, సంతానానికి అడ్డం రాదు.

ఆరోగ్యంగా ఉన్న మూలుగలో పసికణాలు నూటికి 5 లోపు ఉంటాయి. 20 దాటితే అక్యూట్ ల్యుకేమియా అని సాధారణంగా నిర్ణయిస్తారు. కొన్ని రకాల జన్యుమార్పులు కనిపిస్తే అంతకన్నా తక్కువ ఉన్నా అదే పేరు పెడతారు.

పేరు తెలిస్తేనే మందు

"క్యాన్సర్ అని తేలింది కదా, ఇంకా ఈ పరీక్షలెందుకు, మందు మొదలు పెట్టండి" అని బంధువులు తొందర పెడతారు. సబబైన తొందరే. కాని రక్తపు క్యాన్సర్ అనేది ఒక జబ్బు పేరు కాదు. అది ఒక ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో పదుల కొద్దీ మనుషులున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో స్వభావం.

రెండు రకాల పసికణాలు మైక్రోస్కోపు కింద కవలల్లా ఉండవచ్చు. ఒకటి లింఫోబ్లాస్టు, ఇంకొకటి మైలోబ్లాస్టు. ఒకదాని మందు మరొకదానికి చాలదు. కంటితో తేలని ఈ తేడాను ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష తేలుస్తుంది. కణం పైన సీడీ 19, సీడీ 3, సీడీ 33 వంటి గుర్తులుంటాయి. వాటికి అతుక్కునే మెరిసే రంగులు కలిపి, లేజరు కాంతి ముందు నుంచి కణాలను పంపి, ఏ కులమో చెబుతారు. ఆపైన కణంలోని క్రోమోజోములను, జన్యువులను పరీక్షిస్తారు.

మైలోబ్లాస్టుల కుటుంబంలోనే ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అని ఒకటుంది. రక్తస్రావంతో మొదటి రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. కాని సమయానికి గుర్తిస్తే, విటమిన్ ఎ జాతికి చెందిన మాత్రలతో, పాషాణం నుంచి తయారైన మందుతో, ఎక్కువ మంది పూర్తిగా కోలుకుంటారు. అనుభవం గల కన్ను స్మియర్ చూసి అనుమానిస్తే చాలు, జన్యుపరీక్ష ఫలితం రాకముందే ఆ రోజే మాత్ర మొదలు పెడతారు. అద్దం చూడడానికి సోమవారం దాకా ఆగితే మనిషి ఉండకపోవచ్చు.

పెద్దవాళ్లలో వచ్చే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా కథ వేరు. ఎడమ డొక్కలో బరువు, కొద్దిగా తింటేనే పొట్ట నిండినట్టుండడం, తెల్లకణాలు లక్ష దాటడం దీని లక్షణాలు. ఈ జబ్బున్నవారి కణాల్లో ఒక చిన్న క్రోమోజోమును 1960 లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ కనుగొన్నారు. 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క చోటు మార్చుకోవడం వల్ల అది పుడుతుందని 1973 లో జానెట్ రౌలీ చూపారు. ఆ మార్పునే గురి చూసి కొట్టే ఇమాటినిబ్ మాత్ర 2001 లో వచ్చింది. దాని పేటెంటు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీ అప్పీలును కొట్టివేసింది. హైదరాబాదు నాట్కో వంటి మన కంపెనీల చవక మాత్రలు అందుబాటులో నిలిచాయి. ఆ మాత్రతో ఇప్పుడు రోగులు రోజూ పనికి పోతూ ఏళ్ల తరబడి జీవిస్తున్నారు. ఐతే బి.సి.ఆర్–ఎ.బి.ఎల్ అనే జన్యుపరీక్షలో ఆ మార్పు ఉందని తేలాలి. తేలిన తర్వాత కూడా మొదట్లో మూడు నెలలకోసారి అదే పరీక్ష చేసి, మాత్ర పని చేస్తోందో లేదో చూడాలి. ఒంట్లో బాగుందని పరీక్ష మానేయకూడదు.

పిల్లల ల్యుకేమియా వైద్యానికి మన తెలుగువాడి చెయ్యి ఉందని చాలామందికి తెలియదు. భీమవరంలో 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఉంటూ, సహచరులతో కలిసి ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినాప్టెరిన్ తయారు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకిస్తే 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి పోయింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ ఈ పిల్లలకు వాడుతున్నారు. సంపన్న దేశాల్లో ఈ జబ్బున్న పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. మన దేశంలోనూ మంచి కేంద్రాల్లో, వైద్యం మధ్యలో మానకుండా రెండు మూడేళ్లు పూర్తి చేసిన పిల్లలు ఎక్కువ మంది బతికి బడికి పోతున్నారు.

పరీక్షకు ముందే మందు పడితే

ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. "సూదులు వేశాడు, రెండు రోజులు బాగుంటాడు, మళ్లీ మామూలే." ఆ సూది ఏమిటో నాకు తెలియదు. కాని పల్లెల్లో జ్వరానికీ, ఒంటినొప్పులకూ, ఆయాసానికీ కలిపి వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఉండడం మామూలైపోయింది.

లింఫోబ్లాస్టులకు స్టెరాయిడ్ విషం. ల్యుకేమియా వైద్యంలో అది కూడా ఒక మందే. అందువల్ల జబ్బు తెలియకుండా నాలుగు సూదులు పడితే పసికణాలు తాత్కాలికంగా కరిగిపోతాయి. జ్వరం పోతుంది, పిల్లవాడు అన్నం తింటాడు, మూలుగలో కూడా ఏమీ దొరక్కపోవచ్చు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాల్లో జబ్బు తిరిగి వస్తుంది, ఈసారి మందుకు లొంగకుండా రావచ్చు. మెడ గడ్డల లింఫోమాలోనూ ఇంతే.

పాలిపోయిన పిల్లవాడికి జ్వరమూ, కమిలిన మచ్చలూ ఉంటే, స్మియర్ చూడకుండా స్టెరాయిడ్ వేయనివ్వకండి. రక్తం ఎక్కించవలసి వచ్చినా, అందుకు ముందే పరీక్షకు నమూనా తీయించండి. టైఫాయిడ్ అని చెప్పే వైడల్ పరీక్షను కూడా గుడ్డిగా నమ్మకండి. మన ప్రాంతంలో వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ వస్తుంది.

మెడలో గడ్డ, నడుము నొప్పి

రక్తపు క్యాన్సర్లన్నీ రక్తపరీక్షలో కనిపించవు. లింఫోమాలో రక్తం లెక్క అంతా సరిగానే ఉండవచ్చు. మెడలోనో చంకలోనో గడ్డ ఉంటుంది. మన దేశంలో మెడలో గడ్డ అనగానే క్షయ అనుకోవడం సహజమే, చాలాసార్లు నిజమే. కాని ముక్క పరీక్ష లేకుండా ఆరు నెలలు క్షయ మందులు మింగిస్తే, లింఫోమా ఉన్నవారికి ఆ ఆరు నెలలూ పోయినట్టే. సూదితో తీసిన నాలుగు కణాలు అన్నిసార్లూ చాలవు. గడ్డను పూర్తిగా తీసి పంపడం మంచిది. తీసిన గడ్డను ఫార్మలిన్‌లో వేసి పంపాలి. ఉప్పునీటిలో వేసి రెండు రోజులు ఉంచితే ఆ ముక్క కుళ్లి పరీక్షకు పనికిరాదు.

యాభై దాటినవారిలో వచ్చే మైలోమా ఇంకా గడుసైనది. నడుము నొప్పి, నీరసం, మూత్రపిండాలు దెబ్బతినడం దీని లక్షణాలు. పల్నాటిలో వినుకొండ, బొల్లాపల్లి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ గనుక, ఎముకల నొప్పి అంటే ఫ్లోరిన్ నీళ్ల వల్లేనని సరిపెట్టుకుంటారు. ఇ.ఎస్.ఆర్. 100 దాటినా, స్మియర్‌లో ఎర్రకణాలు నాణేల దొంతరల్లా కనిపించినా, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరిసిస్ అనే పరీక్ష చేయించాలి. మామూలు మూత్రపరీక్ష పట్టీ ఆల్బుమిన్‌ను చూపుతుంది గాని, మైలోమా ప్రోటీన్‌ను చాలాసార్లు చూపదు. మూత్రం బాగుందన్న కాగితం చూసి మైలోమా లేదనుకోకూడదు.

వృద్ధుల్లో కనిపించే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా మరో రకం. వేరే పనికి చేయించిన రక్తపరీక్షలో బయటపడుతుంది. బాధలేమీ లేకపోతే ఏళ్ల తరబడి మందే అక్కరలేదు, కొన్ని నెలలకోసారి చూపించుకుంటే చాలు. పేరు వినగానే పొలం అమ్మేయవద్దు.

ఇళ్లలో అడిగే రెండు ప్రశ్నలు

"ఇంతింత రక్తం తీస్తే పిల్లవాడికి ఇంకేం మిగులుతుంది?" ఒక గొట్టంలో పట్టేది రెండు మూడు మిల్లీలీటర్లు, అర చెంచా. 20 కిలోల పిల్లవాడి ఒంట్లో దాదాపు లీటరున్నర రక్తం ఉంటుంది. నాలుగు గొట్టాలు తీసినా నష్టం లేదు.

"ఒంట్లో క్యాన్సర్లన్నీ చెప్పే ప్యాకేజీ పరీక్ష ఉందట కదా?" ఆ ప్యాకేజీల్లో ఉండే ట్యూమర్ మార్కర్లు ల్యుకేమియాను పట్టలేవు. వేలు పోసి అవి చేయించేకన్నా, ఒక సి.బి.సి., దానితోపాటు స్మియర్ చేయించడం మేలు.

మీరు చేయవలసినవి

1. పది రోజులు దాటిన జ్వరం, పాలిపోవడం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, పిల్లల్లో రాత్రిపూట ఎముకల నొప్పి, మెడలో తగ్గని గడ్డ, ఎడమ డొక్కలో బరువు. వీటిలో రెండు కలిసి ఉంటే రక్తకణాల లెక్కతో పాటు స్మియర్ తప్పనిసరి.

2. కాగితం మీద పాథాలజిస్టు రాసిన వాక్యాలు ఉన్నాయో లేదో చూడండి.

3. అనుమానం తీరేవరకు స్టెరాయిడ్ వద్దు. వాడిన మందుల చీటీలు, ఖాళీ సీసాలు డాక్టరుకు చూపండి.

4. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక కవరులో పెట్టుకోండి. ఒక్క అంకె కన్నా, వారం వారం అంకెలు ఎటు పోతున్నాయో డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. స్మియర్ పలకలను కూడా అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రిలో వాటినే మళ్లీ చూడవచ్చు.

5. సాతులూరులో రైలెక్కినా, చిలకలూరిపేటలో బస్సెక్కినా గుంటూరు దూరం కాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దశాబ్దాలుగా బీదసాదలకు వైద్యం చేస్తోంది. 2007 లో ఆరోగ్యశ్రీగా మొదలై, తర్వాత పేర్లు మారుతూ వచ్చిన ప్రభుత్వ పథకంలో క్యాన్సర్ వైద్యం కూడా ఉంది. ఆధార్, రేషన్ కార్డులు వెంట తీసుకువెళ్లి, చేరిన రోజే ఆ కౌంటరులో అడగండి.

జబ్బు పేరు తేలడానికి కొన్నిసార్లు వారం పట్టవచ్చు. ఆ వారం రోజులూ ఇంట్లోవాళ్లకు నరకమే. డాక్టర్లు నాన్చుతున్నారని అనిపిస్తుంది. పరీక్ష తర్వాత పరీక్ష రాస్తుంటే డబ్బుల కోసమేమో అనిపిస్తుంది. ప్రతి పరీక్ష దగ్గరా "ఇది దేన్ని తేల్చడానికి?" అని అడగండి. చెప్పవలసిన బాధ్యత మాది. జవాబు విన్న తర్వాత మాత్రం, నడి మధ్యలో కాగితాలు పట్టుకుని వేరే ఊరికి, వేరే వైద్యానికి వెళ్లిపోకండి.